పాత గిటార్లు పలికే వీధి

లండన్ నగరం నడిబొడ్డున, ఛేరింగ్ క్రాస్ రోడ్డు నుండి తూర్పుగా చీలిపోయే ఒక చిన్న వీధి ఉన్నది. దాని పేరు డెన్మార్క్ స్ట్రీట్. ఈ కొస నుండి ఆ కొసకు నడవడానికి రెండు నిమిషాలు చాలు. అయినా అందులో అడుగుపెట్టినవారిలో చాలామంది రెండు గంటలకు గాని బయటపడరు. అందుకు కారణం అక్కడి దుకాణాల అద్దాల వెనుక వరుసగా వేలాడే ఎలక్ట్రిక్ గిటార్లు.

వాటిలో కొన్ని కొత్తవి, అద్దంలా మెరుస్తుంటాయి. వాటిముందు జనం ఆగుతారు, చూస్తారు, సాగిపోతారు. వార్నీషు పగుళ్ళు తేలి, అంచులు అరిగి, లోహపు భాగాలు వన్నె తగ్గిన ముసలి గిటారు కనబడితే మాత్రం నిలబడిపోతారు. దాని మెడకు కట్టిన చీటీ మీది ధర చదివి, పొరబడలేదు కదా అని సున్నాలను మళ్ళీ లెక్కపెట్టుకుంటారు.

పాత కుర్చీ, పాత సైకిలు కొత్తవాటికన్న చవక. పాత గిటారు మాత్రం కొత్తదానికి పదింతలు, ఒక్కొక్కప్పుడు నూరింతలు ఎందుకు పలుకుతుంది? ఆ ధర కట్టేది ఎవరు? దేనికి కడతారు? ఈ ప్రశ్నలకు జవాబు వెతకడానికి ఈ వీధికన్న తగిన చోటు అరుదు.

వీధి కథ

డెన్మార్క్ స్ట్రీట్ 17వ శతాబ్దం చివరలో వెలసింది. తరువాతి కాలంలో రాణి అయిన ఆన్ భర్త, డెన్మార్క్ రాకుమారుడు జార్జి పేరు దానికి వచ్చింది. తూర్పు కొసన సెయింట్ జైల్స్ చర్చి ఉన్నది. ఆ చర్చి చుట్టూ ఉన్న పేట ఒకప్పుడు లండన్‌లోని నిరుపేదలకు నిలయం. తాగుడు తెచ్చే వినాశాన్ని చూపుతూ హోగార్త్ 1751లో చెక్కిన ‘జిన్ లేన్’ చిత్రానికి రంగస్థలం ఈ పేటయే.

ఆ రోజుల్లో ఇక్కడికి కూతవేటు దూరంలోని మన్మత్ స్ట్రీట్ పాత బట్టల అంగళ్ళకు ప్రసిద్ధి. అంగడిలో వేలాడే పాత కోట్లను, బూట్లను చూచి, వాటిని తొడిగిన మనుషుల బతుకులు ఎట్లా సాగి ఉంటాయో ఊహించుకుంటూ యువకుడైన డికెన్స్ 1836లో ఒక వ్యాసం వ్రాశాడు. ఇప్పుడు పాత గిటార్ల ముందు నిలబడేవారు చేసేదీ సరిగ్గా అదే. దీన్ని ఎవరు వాయించారో, ఏ వేదికల మీద వాయించారో, ఎందుకు అమ్ముకున్నారో అని.

సంగీతం ఈ వీధికి 1911లో వచ్చింది. లారెన్స్ రైట్ అనే సంగీత ప్రచురణకర్త ఆ సంవత్సరం ఇక్కడ కార్యాలయం తెరిచాడు. ఆయన వెనుకనే మరికొందరు చేరారు. 1926లో రైట్ ‘మెలొడీ మేకర్’ పత్రికను స్థాపించాడు. 1952లో ‘న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్’ ఈ వీధి నుండే వెలువడసాగింది. కవులు, స్వరకర్తలు తమ పాటలను చంకన పెట్టుకొని ఈ మెట్లు ఎక్కి దిగేవారు. తరువాత ఎల్టన్ జాన్‌గా లోకప్రసిద్ధుడైన కుర్రవాడు 1965లో ఇక్కడి ప్రచురణ సంస్థ ఒకదానిలో ఆఫీసు బాయ్‌గా పనిచేశాడు.

1960లలో గాయకబృందాలు తమ పాటలను తామే కట్టుకోవడం మొదలుపెట్టాయి. పాటలు కొని అమ్మే ప్రచురణకర్తల అవసరం తగ్గింది. వారు ఖాళీచేసిన గదుల్లోకి రికార్డింగు స్టూడియోలు, వాయిద్యాల దుకాణాలు వచ్చాయి. 4వ నంబరు ఇంట్లో కోడిగుడ్ల అట్టలను పైకప్పుకు అంటించి ప్రతిధ్వనిని అణచుకున్న రీజెంట్ సౌండ్ అనే చిన్న స్టూడియోలోనే రోలింగ్ స్టోన్స్ బృందం 1964లో తమ తొలి ఆల్బమ్ రికార్డు చేసింది. తరువాత ఆ స్థలమే గిటార్ల దుకాణమయింది.

కొరత నుండి మోజు

పాత అమెరికన్ గిటార్ల మీద బ్రిటిష్ వారి మోజుకు ప్రభుత్వపు ఉత్తర్వు కూడా ఒక కారణమంటే పాఠకులు ఆశ్చర్యపోవచ్చు. రెండవ ప్రపంచయుద్ధం తరువాత డాలర్ల కొరతలో చిక్కుకున్న బ్రిటన్ 1951లో అమెరికన్ వాయిద్యాల దిగుమతి మీద ఆంక్షలు విధించింది. 1959 వరకు అవి తొలగలేదు. సరిగ్గా ఆ సంవత్సరాల్లోనే అమెరికాలో ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్‌ను, గిబ్సన్ కంపెనీ లెస్ పాల్‌ను తయారు చేశాయి. బ్రిటిష్ కుర్రవాళ్ళు వాటిని రికార్డుల అట్టల మీద బొమ్మలుగా చూచారేగాని చేతితో తాకి ఎరుగరు. పర్మిట్ల కాలాన్ని చవిచూచిన మన దేశీయులకు ఈ పరిస్థితిని విడమరచి చెప్పనక్కరలేదు. 1959లో గాయకుడు క్లిఫ్ రిచర్డ్ తన సహవాద్యకారుడు హాంక్ మార్విన్ కోసం అమెరికా నుండి ఎర్రని స్ట్రాటోకాస్టర్ తెప్పించినప్పుడు, ఆ దేశానికి వచ్చిన మొదటి స్ట్రాటోకాస్టర్లలో అది ఒకటి.

గిబ్సన్ లెస్ పాల్ కథ మరింత విచిత్రం. ఎరుపు పసుపులోకి కరిగిపోయే ‘సన్‌బర్స్ట్’ రంగులో ఆ గిటారు 1958 నుండి 1960 వరకు మాత్రమే తయారయింది. అమ్మకాలు మందగించడంతో కంపెనీ ఆ రూపాన్ని మానివేసింది. మొత్తం మీద బయటికి వచ్చినవి రెండు వేలకు మించవు. అప్పటి ధర మూడు వందల డాలర్ల లోపే. ఎవరికీ అక్కరలేక మూలపడిన ఈ గిటార్లు పాత వస్తువులుగా లండన్ దుకాణాలకు చేరాయి. ఎరిక్ క్లాప్టన్ అనే యువకుడు అటువంటిదొకటి కొని 1966లో జాన్ మేయాల్ బృందంతో ఒక ఆల్బమ్ వాయించాడు. ఆ నాదం విన్న ప్రతి కుర్రవాడికీ అదే గిటారు కావలసివచ్చింది. కొత్తవి దొరకవు కనుక పాతవాటికి గిరాకీ పుట్టింది. అది చూచి 1968లో కంపెనీ మళ్ళీ లెస్ పాల్ తయారీ ప్రారంభించింది. కాని అప్పటికే అసలైనది పాతదే అన్న నమ్మకం పాతుకుపోయింది. క్లాప్టన్ గిటారు మాత్రం 1966లోనే దొంగలపాలయింది. ఇంతవరకు దొరకలేదు.

అటు ఫెండర్ కంపెనీని 1965 జనవరిలో సి.బి.ఎస్. సంస్థ కొన్నది. పనితనం పలచబడిందని వాద్యకారులు వాపోయారు. అప్పటి నుండి ‘సి.బి.ఎస్.కు ముందు’, ‘సి.బి.ఎస్.కు తరువాత’ అనే మాటలు ఈ వ్యాపారంలో క్రీస్తుపూర్వం, క్రీస్తుశకం వంటివయ్యాయి.

బల్లమీద పరీక్ష

ఒక బేరం ఎట్లా సాగుతుందో చూస్తే ఈ వ్యాపారపు గుట్టు కొంత తెలుస్తుంది. డెబ్బై దాటిన ఒక పెద్దమనిషి తన యౌవనంలో కొన్న 1963 నాటి స్ట్రాటోకాస్టర్‌ను పెట్టెతో సహా తెచ్చి దుకాణంలో బల్లమీద ఉంచాడనుకుందాం. దుకాణదారు ముందుగా ధర మాట ఎత్తడు. పెట్టె మూత తీసి, లోపలి మెత్తని గుడ్డనూ పాత వార్నీషునూ వాసన చూస్తాడు. తరువాత గిటారును ఎత్తి, వెలుతురుకు ఏటవాలుగా పట్టి, మెడ వంగిందేమోనని ఒక కన్ను మూసి చూస్తాడు. వీణకున్నట్లే గిటారుకూ మెట్లుంటాయి. అవి ఎంత అరిగాయో, ఎన్నడైనా మార్చారేమో గమనిస్తాడు.

ఆ పిమ్మట యజమాని అనుమతితో మరలు విప్పుతాడు. ఫెండర్ గిటారు మెడ నాలుగు మరలతో ఒంటికి బిగించి ఉంటుంది. అది ఊడదీస్తే, మెడ మడమ మీద కార్ఖానావారు పెన్సిలుతోనో రబ్బరు ముద్రతోనో వేసిన తేదీ కనిపిస్తుంది. తీగెల కింది భాగంలో ‘పికప్’లు ఉంటాయి. అయస్కాంతం చుట్టూ వెంట్రుకవంటి రాగితీగెను వేల చుట్లు చుట్టిన సాధనమే పికప్. ఉక్కుతీగె దాని మీద కంపిస్తే రాగితీగెలో సన్నని విద్యుత్తు పుడుతుంది. లౌడుస్పీకరులో మనం వినే నాదానికి అదే మూలం. శబ్దాన్ని పెంచి తగ్గించే బొత్తాల అడుగునున్న చిన్న భాగాల మీద అంకెలు అచ్చయి ఉంటాయి. 1376312 అని ఉంటే, 137 తయారీదారు సంఖ్య. 63 సంవత్సరం. 12 ఆ సంవత్సరపు వారం. ఆ గిటారు అంతకు ముందు తయారు కాలేదని అవి సాక్ష్యమిస్తాయి. టంకం వేసిన చోట్లు కార్ఖానాలో వేసినట్లే ఉన్నాయా, ఎవరైనా కరిగించి మళ్ళీ అతికారా అన్నది తరువాతి ప్రశ్న.

చివరగా దీపాలు ఆర్పి అతినీలలోహిత దీపం వెలిగిస్తాడు. దశాబ్దాలు గడచిన వార్నీషు ఆ వెలుగులో ఆకుపచ్చ కలిసిన పసుపు కాంతినిస్తుంది. తరువాత ఎవరైనా రంగు వేసి ఉంటే ఆ చోటు వేరుగా, ముదురు మచ్చలా బయటపడుతుంది.

మన పెద్దమనిషి గిటారు ఒళ్ళంతా ముదురుగానే కనిపించింది. ఆయనే ఒప్పుకుంటాడు. 1970లలో రంగు గీకివేసి కొయ్య కనబడేట్లు చేయడం ఒక వేడుక. ఒక ఆదివారం మధ్యాహ్నం గరుకు కాగితం పట్టుకొని ఆయనా ఆ పని చేశాడు. కొన్నేళ్ళకు విసుగుపుట్టి మళ్ళీ రంగు వేయించాడు. రంగు మారిన గిటారుకు సగం ధరేనన్నది ఈ వ్యాపారంలో వాడుక లెక్క. మెడ విరిగి అతికిన గిబ్సన్‌కు కూడా దాదాపు అంతే. “మీరు ఆ గరుకు కాగితం కొనకుండా ఉంటే బాగుండేదండీ” అంటాడు దుకాణదారు నవ్వుతూ. పెద్దమనిషి నవ్వలేడు. ఆ డబ్బుతో ఏమేమి చేయాలో ఆయన వచ్చే దారిలో లెక్క వేసుకొని ఉంటాడు.

ఈ పరీక్ష అంతా మోసానికి భయపడి పుట్టినదే. ధర పెరిగేకొద్దీ దొంగ ముద్రలు, పాతబరచిన కొత్త భాగాలు బజారుకు వచ్చాయి. దొంగసొత్తు భయం సరేసరి. పాల్ మెకార్ట్‌నీ 1961లో హాంబర్గ్‌లో కొని, బీటిల్స్ తొలి పాటలకు వాయించిన హోఫ్‌నర్ బాస్ గిటారు 1972లో లండన్‌లో ఒక వ్యాను నుండి మాయమయింది. యాభై ఏళ్ళు దాటిన తరువాత, అభిమానుల గాలింపు ఫలితంగా బయటపడి ఆయన చేతికి తిరిగివచ్చిందని 2024లో లోకానికి తెలిసింది. అందుకే పేరున్న దుకాణదారు గిటారుతో పాటు దాని వంశవృక్షాన్ని కూడా అడుగుతాడు. అతడు అమ్మేది సగం కొయ్య, సగం తన మాట. ఒకసారి మాట తప్పినవాడికి ఈ చిన్న వీధిలో మళ్ళీ బేరం దొరకదు.

మన అడవి కొయ్య

ఈ పరీక్షలో భారతదేశానికీ ఒక పాత్ర ఉన్నది. గిటారు మెడ మీద వేళ్ళు ఆడే పలకకు పాతరోజుల్లో బ్రెజిల్ దేశపు రోజ్‌వుడ్ వాడేవారు. అడవులు తరిగిపోయి ఆ కొయ్య దొరకడం కష్టమైన కొద్దీ, 1960ల ద్వితీయార్ధంలో అమెరికన్ తయారీదారులు మన దక్షిణాది అడవుల్లో పెరిగే రోజ్‌వుడ్ వైపు మళ్ళారు. తెలుగువారు ఇరుగుడు అనే చెట్టు అదే. వాద్యకారులు దాని నాదానికి వంక పెట్టరు. కాని పాత వస్తువుల బజారులో పలక బ్రెజిల్‌దని తేలితే ధర ఎక్కువ, ఇండియాదని తేలితే తక్కువ. కొయ్య గుణంకన్న దాని జాతకానికే ఇక్కడ విలువ.

ఆ జాతకం సరిహద్దుల దగ్గర చిక్కులు కూడా తెస్తుంది. అంతరించిపోయే జీవజాతుల వ్యాపారాన్ని అదుపుచేసే అంతర్జాతీయ ఒప్పందం 1992లో బ్రెజిల్ రోజ్‌వుడ్‌ను అత్యంత కఠినమైన జాబితాలో చేర్చింది. తగిన పత్రాలు లేక పాత గిటారు దేశం దాటరాదు. 2017 జనవరిలో మన ఇరుగుడుతో సహా మిగిలిన రోజ్‌వుడ్ జాతులు కూడా ఆంక్షల కిందికి వచ్చాయి. వాద్యకారులు మొత్తుకోగా, బ్రెజిల్ జాతిని మినహాయించి తక్కిన కొయ్యతో తయారైన వాయిద్యాలకు 2019 చివర సడలింపు లభించింది.

లెక్కకు అందని గిటార్లు

ఏ భాగమూ మారకూడదు, ఏ మరా కదలకూడదు అన్నది ఈ బజారు ధర్మశాస్త్రం. కాని ఆ శాస్త్రాన్ని అపహసించే గిటార్లే అందరికన్న ఎక్కువ ధర పలికాయి.

1970లో ఎరిక్ క్లాప్టన్ అమెరికాలోని నాష్‌విల్ నగరంలో ఒక దుకాణంలో చవకగా దొరికిన పాత స్ట్రాటోకాస్టర్లను అరడజను కొన్నాడు. కొన్నింటిని జార్జి హారిసన్ వంటి మిత్రులకు పంచిపెట్టాడు. మిగిలిన మూడింటి నుండి ఒకదాని మెడ, ఒకదాని ఒళ్ళు, ఒకదాని పికప్‌లు ఏరి ఒకే గిటారుగా కూర్చాడు. నల్లనిది కనుక ‘బ్లాకీ’ అని పేరు పెట్టాడు. శాస్త్రం ప్రకారం అది అతుకుల బొంత. అయినా దానిని పన్నెండేళ్ళకు పైగా సభల్లో వాయించి, 2004లో తాను స్థాపించిన వ్యసనవిమోచన కేంద్రం సహాయార్థం న్యూయార్క్‌లో వేలానికి పెడితే 9,59,500 డాలర్లు వచ్చాయి. పింక్ ఫ్లాయిడ్ బృందపు డేవిడ్ గిల్మర్ 1970లో కొన్న నల్ల స్ట్రాటోకాస్టర్‌కు మెడ మారింది, పికప్‌లు మారాయి, ఒంటికి బెజ్జాలు పడ్డాయి. 2019లో అది 39,75,000 డాలర్లు పలికింది. ఆ సొమ్మును ఆయన పర్యావరణ రక్షణకు ఇచ్చివేశాడు.

డెన్మార్క్ స్ట్రీట్‌కు పొరుగునే జరిగిన కథ మరొకటి. ఛేరింగ్ క్రాస్ రోడ్డులోని సెల్మర్ దుకాణంలో పీటర్ గ్రీన్ అనే యువకుడు 1959 నాటి లెస్ పాల్ కొన్నాడని ప్రసిద్ధి. దాని రెండు పికప్‌లలో ఒకదాని అయస్కాంతం తలకిందులయింది. రెండూ కలిపి వాయిస్తే నాదం సన్నబడి, దూరాన ఎవరో విలపిస్తున్నట్లు వినిపించేది. మరొకరైతే మరమ్మతు చేయించేవారు. గ్రీన్ ఆ లోపాన్నే తన గొంతుగా చేసుకున్నాడు. 1970ల తొలినాళ్ళలో సంగీతం మీద, డబ్బు మీద విరక్తి కలిగి, ఆ గిటారును గారీ మూర్ అనే కుర్రవాడికి ఇచ్చివేశాడు. కుర్రవాడు తన గిటారు అమ్మగా వచ్చిన పైకాన్ని మించి అడగలేదు. మూర్ దానిని ముప్ఫయ్యేళ్ళు వాయించి, తన గురువు జ్ఞాపకార్థం 1995లో ఒక ఆల్బమ్ విడుదల చేశాడు. 2006లో అమ్ముకోక తప్పలేదు. చేతులు మారి 2014లో మెటాలికా బృందపు కిర్క్ హామెట్‌ను చేరింది. అతడు దానిని బీరువాలో బంధించలేదు, సభల్లో వాయిస్తున్నాడు.

తక్కినవాటికి ఆ అదృష్టం లేదు. సన్‌బర్స్ట్ లెస్ పాల్ ధర లక్షల డాలర్లకు చేరిన తరువాత వాద్యకారులు దాన్ని కొనలేకపోయారు. కొన్నవారిలో చాలామంది వాయించరు. వాయిస్తే మెట్లు అరుగుతాయి, చెమటకు లోహం చెడుతుంది, ధర తగ్గుతుంది. 2008 ఆర్థిక సంక్షోభంలో పాత గిటార్ల ధరలు పడిపోయినప్పుడు పెట్టుబడిగా కొన్నవారు బెంబేలెత్తారు. వాయించడానికి కొన్నవారికి మాత్రం వారి గిటార్లు నిన్న పలికినట్లే పలికాయి.

మిగిలిన వీధి

వీధి కూడా తన గిటార్లవలెనే విలువ పెరిగి చిక్కులో పడింది. పక్కనే కొత్త రైలుమార్గపు స్టేషను కోసం 2009లో ఛేరింగ్ క్రాస్ రోడ్డులోని ఆస్టోరియా నాటకశాలను కూల్చారు. చిన్నవారికి మొదటి వేదికగా నిలిచిన ట్వెల్వ్ బార్ క్లబ్ 2015 జనవరిలో మూతపడింది. 6వ నంబరు ఇంటి వెనుక, 1970లలో సెక్స్ పిస్టల్స్ బృందం కాపురమున్న గది గోడల మీది పిచ్చిగీతలు ఘనమైన చారిత్రక చిహ్నమని 2016లో ప్రభుత్వం గుర్తించింది. ఇంటికి రంగు మార్చరాదన్న నియమం గిటారుకే కాదు, గోడకూ వర్తించిందన్నమాట. 2022లో రైలు నడిచింది, మూలమీద బ్రహ్మాండమైన విద్యుద్దీపాల తెరలు వెలిశాయి. గిటార్ల దుకాణాలు ఒకప్పటికన్న తగ్గాయి. కాని అంతరించలేదు.

అంతరించకూడదనడానికి కారణం మమకారం ఒక్కటే కాదు. వేలంపాటలో గిటారు అద్దం వెనుక ఉంటుంది. ఇక్కడ మాత్రం జేబులో ఎంత ఉన్నదని అడగకుండానే ఒక మర్యాదస్తుడైన దుకాణదారు గోడమీది గిటారు దించి, తీగె తగిలించి కుర్రవాడి ఒడిలో పెట్టగలడు. మన పెద్దమనిషి వంటివాడు సగం ధర విని పెట్టె మూయబోతున్నప్పుడు, “ఒకసారి వాయించి వినిపించండి” అనగలడు. ఆయన వాయిస్తే, కొత్త గిటార్లు చూడవచ్చిన ఇద్దరు కుర్రవాళ్ళు మాటలు ఆపి తల తిప్పుతారు. తెలుగులో ధరా పలుకుతుంది, తీగే పలుకుతుంది. రెండవ పలుకు నుండే మొదటిది పుట్టిందన్న సంగతి అటువంటి చోట గాని తెలియదు.

వీధి చివర సెయింట్ జైల్స్ చర్చిలో జార్జి చాప్‌మన్ సమాధి ఉన్నది. హోమర్ కావ్యాలను ఇంగ్లీషులోకి తెచ్చి 1634లో కన్నుమూసిన కవి ఆయన. ఎప్పటిదో, ఎక్కడిదో అయిన గానం తన చేతుల్లో మళ్ళీ పలకాలని జీవితమంతా శ్రమించాడు. గిటారు పెట్టె భుజాన వేసుకొని ఆ చర్చి పక్కగా నడిచిపోయేవారు ఆ సమాధి వైపు చూడకపోవచ్చు. కాని వారు చేస్తున్నదీ ఆ పనే.